నా మీద ఆడిన నాట్యం

నేను ఒక వీడియో టేపుని. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదాన్ని. ఏ దేశపు ఫ్యాక్టరీలోనో పుట్టాను. పుట్టినప్పుడు నాలో ఏమీ లేదు, హాయిగా ఉండేది. కానీ ఖాళీగా ఉన్నదాన్ని చూస్తే మనుషులకు చెయ్యి ఊరుకోదు కదా!

మొదట ఒక వార్తా ఛానల్ కెమెరామన్ సన్నాసిరావు చేతికి వచ్చాను. ఫ్యాక్టరీకి భూములిచ్చేది లేదని ఒక సముద్రపు ఊరు రోడ్డెక్కిన రోజది. పోలీసులు కాల్పులు జరిపారు. ఎర్రయ్య అనే జాలరి కెమెరా వైపు తిరిగి ఏదో అరిచి, కుప్పకూలిపోయాడు. మళ్లీ లేవలేదు. ఛానల్ వాళ్లు ఆ చావును సబ్బు ప్రకటనకీ నూనె ప్రకటనకీ మధ్య ఆ పూటంతా తిప్పితిప్పి చూపించారు. మర్నాడు ఎవరో నటుడి పెళ్లి రాగానే నన్ను బీరువాలో పడేశారు.

ఛానల్ మూతబడి సామానంతా తూకానికి పోతుంటే నన్ను ఏరుకున్నవాడు తేజోమూర్తి, హైదరాబాదు వీడియో కళాకారుడు. వార్తల్లోని హింసను నాట్యంగా మలుస్తాడట. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికి ఇంకొకడు! ఎర్రయ్య కూలిపోవడం చూసి, "ఎంత అందమైన కదలిక!" అన్నాడు ఆ మహానుభావుడు. నలుగురు నర్తకులకు నన్ను చూపించి, అలాగే పడటం నేర్పించాడు. ఒకనాడు సాధన చిత్రీకరించబోతే కొత్త టేపు లేదు.

"దీనిమీదే ఎక్కించెయ్. అసలు కన్నా మనదే బాగుంది" అన్నాడు.

ఎర్రయ్య అలా చెరిగిపోయాడు. తుపాకీ గుండు కూడా అతన్ని అంత శుభ్రంగా తుడిచేయలేదు.

ప్రదర్శన రోజు తెరమీద నర్తకులు ఎర్రదీపాల్లో సుకుమారంగా రాలారు. చూసినవాళ్లు కళ్లొత్తుకుని, సమోసాలు తిని, బయట పార్కింగ్ దగ్గర పోట్లాడుకున్నారు. నేను తేజోమూర్తి దగ్గరున్నానని విని, ఎర్రయ్య తల్లి పోలమ్మను సన్నాసిరావు బస్సెక్కించి తీసుకొచ్చాడు. ఆమె దగ్గరున్న ఒక్క ఫోటో తుపానులో ఇంటితో పాటే పోయింది. నాలో కొడుకున్నాడని అతను చెబితే, ఒక్కసారి ఆ మొహం చూసుకుందామని వచ్చింది.

"మావోడెప్పుడొస్తాడు బావూ?" అని ఆట అయ్యేదాకా అడుగుతూనే ఉంది.

తేజోమూర్తి చేతులు జోడించాడు. "అమ్మా, ఆ నలుగురిలోనూ ఉన్నది మీ అబ్బాయే."

"నాకు నలుగురెందుకు బావూ? నాకు పుట్టిందొక్కడే. ఆడ్ని సూపించు."

అతను నన్ను తెచ్చి, నా డబ్బామీద సంతకం చేసి ఆమె చేతిలో పెట్టాడు. చెరిపేశానని చెప్పడానికి నోరు రాలేదు గానీ, సంతకం పెట్టడానికి చెయ్యి మాత్రం వచ్చింది. థూ!

సన్నాసిరావు తన ఇంట్లో పాత కెమెరాను టీవీకి తగిలించి నన్ను తిప్పాడు. నర్తకులు పడుతున్నారు, లేస్తున్నారు. టేపు మొత్తం అంతే. జరిగింది అతనికి అర్థమైంది, మొహం పక్కకు తిప్పుకున్నాడు. పోలమ్మ మాత్రం టీవీకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఇంకోపాలి ఎయ్యి బావూ. ఏ మూలనో ఉంటాడు."

వేశాడు. నేను మళ్లీ తిరిగాను. ఎర్రయ్య పడిన చోట ఒక నర్తకుడు పడ్డాడు. బాగా వచ్చిందా అని అడిగి, నవ్వుతూ లేచి నిలబడ్డాడు.