నాలుగు డిగ్రీలు

పని సరిగ్గా జరిగిన రోజు, కంప్యూటర్లు చూసే చక్రధర్‌ను డెయిరీలో ఎవరూ పలకరించరు. చెడిన రోజే అందరికీ గుర్తొస్తాడు.

కామారెడ్డి ఆఫీసు వెనుక గదిలో, కొత్త సర్వర్ ముందు, అతను స్టూలు మీద వంగి కూర్చున్నాడు. చొక్కాకు పై గుండీ లేదు. భార్య పోయాక రెండు పూటలా ఆ గదిలోనే తింటున్నాడు. తెల్లవారగానే, డెయిరీ లెక్కలన్నీ నడిపే వర్చువల్ మెషీన్‌ను, అంటే సర్వర్ లోపల నడిచే మరో కంప్యూటర్‌ను, ఆపకుండానే పాత సర్వర్ నుంచి ఇటు మార్చాడు. మెమరీ అంతా వచ్చింది. అందులోని పరికరాలు కూడా ఆగినచోటి నుంచే అందుకోవాలి. ఒక్కటి అందుకోలేదు. ఎల్లారెడ్డి పాల ట్యాంకు ఎంత చల్లగా ఉందో తెచ్చి చూపే పోర్టు అది. దాని పాత స్థితి తిరిగి రాలేదని తెరమీద పసుపు హెచ్చరిక కనిపించింది. మెషీన్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోయేది. కానీ పాలు దిగే వేళ ఆపితే తిడతారు. అంకె, మార్చకముందు చూపిన నాలుగు డిగ్రీల దగ్గరే కదలకుండా ఉంది. కదలకపోవడమే మంచిదనుకుని హెచ్చరికను మూసేశాడు.

పదింటికి భూమక్క ఫోన్ చేసింది. ఎల్లారెడ్డి ట్యాంకు దగ్గర పనిచేసేది ఆమె ఒక్కతే.

“అన్నా, ట్యాంకు ముట్టుకుంటే గోరెచ్చగున్నది. మోటరు సప్పుడు గూడ లేదు.”

“ఈడ నాలుగే చూపిస్తున్నది. నీ చెయ్యేమన్న మీటరా?”

“మీటరు గాదన్నా, బర్లను పిండిన చెయ్యి.”

“అయితే బర్ల కాడికే పో. నన్ను సతాయించకు.”

మధ్యాహ్నానికి పాలన్నీ విరిగాయి. మేనేజర్ మహిపాల్ చక్రధర్‌ను జీపెక్కించుకుని లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లాడు. వాళ్లు చేరేసరికి, ట్యాంకును చల్లబరిచే మోటరు దానంతటదే మళ్లీ తిరుగుతోంది.

“పొద్దుగాల్నుంచి రికార్డుల నాలుగే ఉన్నది. సల్లగున్నా పాలిరిగినయంటే నువ్వు ట్యాంకు కడగలే,” అన్నాడు మహిపాల్ భూమక్కతో.

“కడిగిన సార్. ఎచ్చగైందని అన్నకు ఫోన్ గూడ చేసిన. అడుగుండ్రి.”

మహిపాల్ తిరిగి చూశాడు. చక్రధర్ తన వేళ్లకేసి చూసుకున్నాడు. తప్పు బయటపడి ఆ సర్వర్ గది పోతే అతనికి ఇంటికి పోవడమొక్కటే మిగులుతుంది.

“కరెంటున్నదా అని అడిగింది సార్,” అన్నాడు. “గంతే.”

రేపటి నుంచి పనికి రావద్దని ఆమెతో అన్నాడు మహిపాల్. భూమక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నీకేం జేసిన అన్నా?” అంది. జవాబు కోసం ఆగలేదు. ఉత్త కాళ్లతో గేటు దాటింది.

“నిజంగ గంతే అడిగిందా?” అన్నాడు మహిపాల్.

“ఆ ముచ్చట నేనిగ ఎన్నడు మాట్లాడ సార్.”

ట్యాంకు పక్కన, ఆమె విప్పిన రబ్బరు బూట్లు గోడకు ఆనుకుని ఉన్నాయి. లోపల ఇంకా ట్యాంకు కడిగిన తడి.