ఈదయ్యను అందరూ చూసొచ్చారు

ఈదయ్య జైలుకు పోయాక అతన్ని సూర్యాపేట చుట్టాలు చూశారు, కోదాడ చుట్టాలు చూశారు, మిర్యాలగూడ చుట్టాలు చూశారు. చూడనిదల్లా కట్టుకున్న పెళ్లాం బుచ్చమ్మ ఒక్కతే. చూడాలని లేక కాదు. గరిడేపల్లిలో బస్సెక్కి సూర్యాపేట సబ్‌జైలు గేటు దాకా పోవడం, పోయిన దారినే తిరిగి రావడం, ఈ రెండు పనులూ పాపం ఆమె చేస్తూనే ఉంది.

ముందు ఈదయ్య జైలుకు ఎందుకు పోయాడో చెప్పాలి. దొంగతనం చేసి పోలేదు, దొమ్మీ చేసి పోలేదు. వడ్లు ఎండలేదని పోయాడు. కొనుగోలు సెంటర్లో అతని కుప్పకు తేమ ఎక్కువుందని, ఇంకొక్క రోజు ఎండబోయమని చెప్పారు. ముందు రోజు కూడా అదే మాట చెప్పారు. ఈదయ్యకు ఒళ్లు మండింది. తేమ చూసే మిషన్‌ను చంకలో పెట్టుకొని కుప్ప ఎక్కి కూర్చున్నాడు.

"తేమ నా వడ్లకు గాదు, మీ మిషన్‌కు పట్టింది. గిది ఎండేదాక నేను దిగ" అన్నాడు.

మిషన్ తీసుకుందామని ఒక కానిస్టేబుల్ బూట్లతోనే కుప్ప ఎక్కాడు. వడ్ల మీద బూటు ఆగుతుందా? ఈదయ్య చెయ్యి తగిలిందో, కుప్పే జారిందో గానీ కానిస్టేబుల్ దొర్లుకుంటూ కిందికొచ్చాడు. ఈదయ్య మీద కేసయింది.

అంతటితో పోతే బుచ్చమ్మకు ఇంత బాధ లేదు. అతన్ని జీపెక్కిస్తుంటే ఆమె అక్కడే ఉంది. ఎండొస్తే వడ్లు పరిచి, మబ్బొస్తే పట్టా కప్పి, నడుం విరిగి ఉంది. ఉన్న కోపమంతా ఒక్కసారిగా నోట్లోకొచ్చింది.

"తీస్కపోండి సారూ! నాలుగు రోజులు మీ కాడనే ఉంచుకోండి. నాకు పీడ పోతది!" అంది, సెంటరంతా వినేట్టు.

ఈదయ్య తిరిగి చూడలేదు. జీపు వెళ్లిపోయింది. కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అతుక్కోదంటారు. జీపు మలుపు తిరిగేసరికే బుచ్చమ్మ కోపం దిగిపోయింది, ఆనాటి నుంచి ముద్ద దిగడం మానేసింది. ఒక్కసారి అతని ఎదురుగా నిలబడి, ఆ మాట మనసులోంచి వచ్చింది కాదయ్యా అని చెప్పుకోవాలి. ఆమెకు అంతకు మించి ఏమీ వద్దు.

మొదటిసారి జైలుకు వెళ్లిన రోజు గేటు దగ్గర సాంసన్ అనే వార్డరు ఆమె సంచి విప్పి చూశాడు. మామిడికాయ తొక్కు, జొన్న రొట్టెలు బయటపెట్టించాడు.

"ఇంటి తిండి లోపలికి పోదమ్మా. పండ్లయితే ఇయ్యొచ్చు. ఆధార్ కార్డు తెచ్చినవా?"

తెచ్చింది. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేకుండా తెచ్చేదీ ఆ కార్డే, జైల్లోకి పంపేదీ ఆ కార్డే. అందుకని జాకెట్‌లో భద్రంగా పెట్టుకొచ్చింది. సాంసన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎవరికోసం వచ్చిందో అడిగి, నాలుక కరుచుకున్నాడు.

"ఈదయ్యకా? ఈ వారం ములాఖత్‌లు అయిపోయినయమ్మా."

"అంటే ఏంది సారూ?"

"లోపలోళ్లను సూడనీకి వారానికి రెండు మార్లే ఇస్తరు. మారుకు ముగ్గురు రావొచ్చు. మొన్న మిర్యాలగూడ నుంచి ముగ్గురొచ్చిండ్రు. ఇయ్యాల పొద్దుగాల్నే కోదాడోళ్లు ముగ్గురొచ్చి పోయిండ్రు."

"వాళ్లు సుట్టాలు సారూ. నేను పెండ్లాన్ని!"

"రూల్ల గట్ల లేదమ్మా. ముందొచ్చినోళ్లకే."

రూలు రాసినవాళ్లకు మన చుట్టాల సంగతి తెలియదు. మన దగ్గర మనిషి దవాఖానలో పడ్డా, జైల్లో పడ్డా, పోయి పలకరించి రావలసిందే. పోకపోతే మాట పడాలి, రేపు ఏ పెళ్లి పందిట్లోనో ఎదురైతే ముఖం తిప్పుకుంటారు. పోతే మాత్రం ఖర్చెంత? ఒక సంచిలో బత్తాయిలు, ఒక బ్రెడ్డు. దవాఖానలో అయితే ఊరంతా వచ్చి మంచం చుట్టూ కూర్చున్నా అడిగేవాడు లేడు. జైల్లో పలకరింపుకు కూడా లెక్కుంటుందని ఆ చుట్టాలకు తట్టలేదు.

బుచ్చమ్మకు తెలిసింది. తెలిసినా చెప్పలేకపోయింది. పలకరించడానికి వచ్చేవాళ్లను రావొద్దని ఏ నోటితో అంటారు? విస్తరి ముందు కూర్చున్నవాణ్ని లేవగొట్టినట్టుంటుంది. అందుకని మనసులో మాట మనసులోనే పెట్టుకొని, తరువాతి వారం తొలి బస్సుకే బయలుదేరింది. ఈలోగా సూర్యాపేటలోనే ఉండే మేనల్లుడు నరేందర్ ఇడ్లీ తినడానికి బజారుకొచ్చి, దారిలోనే గదా అని మామను చూసిపోయాడు. రెండో ములాఖత్ మళ్లీ కోదాడ సైదులుకే దక్కింది. ఈ సైదులు బుచ్చమ్మ అక్క మొగుడు, అంటే ఈదయ్యకు తోడల్లుడు. మొదటిసారి వచ్చినప్పుడు హడావిడిలో జైలు ముందర ఫోటో దిగడం మరిచిపోయాడట. అందుకని మళ్లీ వచ్చాడు.

వచ్చిపోయిన ప్రతివాళ్లూ బుచ్చమ్మకు ఫోన్ చేసి, చూసొచ్చిన గొప్ప చెప్పుకునేవాళ్లు.

"బాగా చిక్కిపోయాడు మరదలా" అన్నాడు సైదులు. "నేను వెళ్లాను కాబట్టి సరిపోయింది. కాస్త ధైర్యం చెప్పొచ్చాను."

"నన్నేమన్న అడిగిండా బావా?"

"నిన్నా? లేదే! గేదె పాలిస్తుందా అని అడిగాడు."

మిర్యాలగూడ యాదమ్మ ఈదయ్య సొంత అక్క, ఒక మాట దాచడం గానీ ఒక మాట తగ్గించడం గానీ పుట్టి ఎరగదు. "నిన్నడగలే పిల్లా. ఎందుకు అబద్ధమాడాలె? బర్రె పాలిస్తుందా అని మాత్రం రెండు మార్లు అడిగిండు" అంది.

ఆ సాయంత్రం బుచ్చమ్మ గడ్డి వేస్తూ బర్రె ముఖం కేసి కొంచెం ఎక్కువసేపే చూసింది. ఏముంది దీనిలో? అది అడిగించుకుంది, నేను అడిగించుకోలేదు. నా మీద కోపం పోలేదన్నమాట. అసలు పోతుందో పోదో. చెప్పుకోవడానికి దారే లేకపోతే ఎలా పోతుంది? కళ్లు తుడుచుకొని లోపలికి పోయింది.

ఇంతలో బెయిలు సంగతి వచ్చింది. వచ్చే వారం కోర్టు బెయిలిచ్చేట్టుందని, జమానతు ఉండడానికి, అంటే పూచీ పడడానికి, భూమి ఉన్నవాళ్లను ఒకరిద్దరిని చూసుకోమని వకీలు చెప్పాడు. అదే రోజు సైదులు ఫోన్ చేశాడు. "ఈసారి మా వీధి వాళ్లను కూడా తీసుకొస్తున్నాను మరదలా, టాటా ఏస్ మాట్లాడాను. సోమవారం ఒక జట్టు, గురువారం ఒక జట్టు" అన్నాడు.

బుచ్చమ్మ ప్రాణం ఉసూరుమంది. వీధి వాళ్లు కూడా చూస్తారట నా మొగుణ్ని! ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి, వకీలు మాట ఇంకా చెవిలోనే ఉండడంతో అప్పటికప్పుడు ఒకటి ఆడేసింది.

"రా బావా, మంచిగనే ఉంటది. గని ఒక్క ముచ్చట. ఎవలకు సెప్పకు. ములాఖత్‌కు వచ్చినోళ్ల ఆధార్ నంబర్లు కోర్టుకు పంపుతున్నరంట. ఇగ జమానతుకు వాళ్లనే పిలుస్తరంట. పాసుబుక్కు పట్టుకొని రమ్మంటరంట."

"మా పాసుబుక్కులు మొన్ననే బ్యాంకులో పెట్టాం" అన్నాడు సైదులు.

అతని నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఎవరికీ చెప్పొద్దన్న మాటాయె. దీపాలు పెట్టే వేళకు మూడు ఊళ్ల చుట్టాలకూ చేరిపోయింది. ఒక్కొక్కరే ఫోన్లు. సైదులుకు నడుం పట్టేసింది. నరేందర్‌కు ఇడ్లీలు పడడం లేదట, బజారుకే రావడం మానేశాడు. హుజూర్‌నగర్‌లో ఒక చిన్నాన్న అయితే, నేను ఇంకా చూడనేలేదు గదమ్మా, నా నంబరు వాళ్ల దగ్గర లేదు గదా అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ పెట్టేశాడు.

సోమవారం బుచ్చమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని బయలుదేరింది. జైలు గేటు ముందు నరపురుగు లేదు. హమ్మయ్య అనుకుంటూ నాలుగడుగులు వేసిందో లేదో, గోడ నీడన చేతిసంచి ఒళ్లో పెట్టుకొని యాదమ్మ కూర్చుని కనబడింది. బుచ్చమ్మకు అక్కడికక్కడే ఏడుపొచ్చింది.

"నువ్వెప్పుడొచ్చినవ్ వదినె?"

"పొద్దుగాల బస్సుకే" అంటూ యాదమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. దానిలో పట్టా పాసుబుక్కు. "జమానతుకు పిలుస్తరన్నరు గద. పిలిచేదాక కూసోవుడెందుకని తెచ్చిన. మీ అన్న వద్దని లొల్లి జేసిండు. బుక్కు నా పేరు మీదుంది, నా ఇష్టమన్న. నా తమ్ముడు లోపల కూసుంటే నేను పాసుబుక్కును పెట్టెల పెట్టి పూజ జెయ్యాల్నా?"

అందరికంటే ముందు పారిపోతుందని బుచ్చమ్మ అనుకున్న మనిషి ఈమె. తప్పు చేసినదానికి తల ఎత్తడం కష్టం, ఎత్తకుండానే చెప్పేసింది.

"పిలుస్తరన్నది అబద్ధం వదినె. నేనే పుట్టించిన."

"నువ్వా?"

"వారానికి రెండు మార్లే సూడనిస్తరు. మీరంత సూస్తున్నరు, నాకు దొరుకుతలేదు. రావొద్దని మీకెట్ల సెప్పాలె? అందుకని..."

యాదమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఇక తిట్లు మొదలవుతాయని బుచ్చమ్మ చెంగు పట్టుకొని సిద్ధంగా నిలబడింది.

"ఏందే, ఇంకా సూడనే లేదా నువ్వు?" యాదమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "పెండ్లానివి గద, నీకు రోజు తలుపు తీస్తరనుకున్నం. మేమంత నీ వంతు తిన్నట్టేనా? నోరు లేదా నీకు, ఒక్క మాట జెప్పుటానికి?" కాస్త ఆగి, "అయితే మీ సైదులు బావకు నడుం నొప్పి గూడ నువ్వే పుట్టించినవా?" అంది.

బుచ్చమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. యాదమ్మ ఆమె భుజం పట్టి గేటు వైపు తోసింది.

"పో. నువ్వొక్కదానివే పో. నేను జమానతుకొచ్చిన, కోర్టు పని అయినంక వాడే బయటికొచ్చి కనబడతడు. గీడ బత్తాయిలన్న బేరం జేస్త."

సాంసన్ కార్డు చూసి, "ఇయ్యాల ఖాళీగనే ఉందమ్మా, మీవోళ్లు ఏమైండ్రు?" అని ఆశ్చర్యపడుతూ లోపలికి పంపించాడు.

లోపల పొడుగాటి గది, మధ్యన జాలీ. ఇటు నాలుగు కుటుంబాలు, అటు నలుగురు మనుషులు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఈదయ్య వచ్చి జాలీ పట్టుకొని నిలబడ్డాడు. చిక్కిపోయాడన్న మనిషికి చెంపలు నిండుగా ఉన్నాయి. వేళకు తిండి, వేళకు నిద్ర. బుచ్చమ్మ అతన్ని చూస్తూ, వచ్చిన పని మరిచిపోయింది.

"వడ్లేమైనయ్?" అన్నాడు.

"కొన్నరు. నువ్వు పోయిన తెల్లారి ఎండకే తేమ దిగింది."

"ఒక్క రోజుకా?"

"ఒక్క రోజుకే."

ఈదయ్య కాసేపు నేల చూపులు చూశాడు. తరువాత ఇంకేం అడగాలో తోచక, "బర్రె పాలిస్తుందా?" అన్నాడు.

అంతే. ఇన్నాళ్లూ లోపల కుతకుతలాడినదంతా పొంగింది. "బర్రె, బర్రె, బర్రె! అందర్ని బర్రెనే అడిగినవ్! నీ పెండ్లాం ఉందా సచ్చిందా అని ఒక్కలనన్న అడిగినవా?"

పక్కనున్నవాళ్లు మాటలాపేశారు. ఈదయ్య సిగ్గుతో జాలీకి దగ్గరగా జరిగాడు.

"మెల్లగ. ఎవల్ని అడగాలె? మా అక్క ముంగట నా పెండ్లాం ఎట్లుందని అడుగుతనా? మీ బావనడిగితే కోదాడ దాక నవ్వుకుంట పోతడు. అందుకే బర్రెనడిగిన. నువ్వు గాక ఇంకెవలు కూసున్నా అది పాలియ్యదు గద. పాలిస్తుందంటే నువ్వు ఇంట్లనే ఉన్నవన్నట్టు. అవ్వగారింటికి పోలేదన్నట్టు. పీడ పోతదన్నవ్ గద. నిజంగనే పోతవేమో అని భయమైంది నాకు."

తన తప్పు తానొక్కతే మోస్తున్నాననుకుంది బుచ్చమ్మ, అతనూ అదే మాట మోస్తున్నాడని ఒక్కనాడూ అనుకోలేదు. ఇటు తలుపు దగ్గర సాంసన్ టైమైపోయిందని చెయ్యెత్తాడు.

"గా మాటన్నది నా కోపమయ్యా, నేను గాదు" అంది గబగబా. "నువ్వు లేక ఇల్లు ఇల్లు లెక్కనే లేదు. నాకు నువ్వు గావాలె."

అటువైపు నలుగురూ, ఇటువైపు నాలుగు కుటుంబాలూ ఈదయ్య ముఖం కేసే చూస్తున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని చెవిన ఇలాంటి మాట పడింది లేదు. ఎటు చూడాలో తెలియక గోడ చూశాడు, పైకప్పు చూశాడు, మెల్లగా బుచ్చమ్మను చూశాడు.

"ఇనబడలే" అన్నాడు. "జర గట్టిగ అను."

వినబడిందని అతని ముఖమే చెబుతోంది. బుచ్చమ్మకు అది తెలుసు. సాంసన్‌కూ తెలుసు, ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆమె చెంగు నడుముకు దోపుకొని, జాలీకి నోరు ఆనించి, పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు మళ్లీ అంది. ఈసారి గేటు బయట బత్తాయిలు బేరమాడుతున్న యాదమ్మకు కూడా వినబడింది.