రెండు విజిళ్లు

ఏమ్మా కోడలా, ఆ చేతిలో మాత్రలేమిటి? ముక్కు కారితే యాంటీబయాటిక్ మింగేస్తావా? చదువు మీ అమ్మది వచ్చిందనుకున్నాను, బుద్ధి మాత్రం అచ్చం నాదే. అవి కింద పెట్టు. వేసుకోవాలో వద్దో డాక్టరమ్మని అడుగుదువుగాని. ముందు ఇలా కూర్చో. మీ మావయ్య ఎలా మోసపోయాడో చెబుతాను. మధ్యలో నవ్వావో, జడకి ముడేస్తాను.

నేను బస్సు డ్రైవర్ని, మీ నాన్న అదే బస్సులో కండక్టరు. నాకు బావమరిది కూడా కాబట్టి ఏడిపించడానికి వేరే అనుమతి అక్కర్లేదు. వాడు స్టాపులో దిగి సీసాలో నీళ్లు పట్టుకుంటుంటే బస్సు వంద గజాలు ముందుకు పోనిచ్చేవాణ్ణి. పాపం, పరిగెత్తుకొచ్చేవాడు. "నీ బుర్రలో ఉన్నది పేడేరా" అనేవాణ్ణి. కోపగించుకోడు. రొప్పుతూ రెండు విజిళ్లు వేసి రైట్ అనేవాడు. ఆ రెండు విజిళ్లు లేకుండా మీ నాన్నకి ఏ పనీ పూర్తవదు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నా మెడలో విజిల్ తీసి రెండుసార్లు ఊదాల్సిందే.

మరి నా సంగతి. సెలవు దొరకదని దగ్గొచ్చినా, పన్ను సలిపినా మందుల షాపులో అడిగి ఇవే మాత్రలు మింగేవాణ్ణి. రెండు రోజుల్లో తగ్గితే మిగిలినవి సీటు కింద పెట్టెలో దాచి ఇంకోసారికి వాడేవాణ్ణి. పోయినేడు అలా మింగాక విరేచనాలు పట్టుకున్నాయి. మందేస్తే కట్టేవి, మందాపితే మళ్లీ మొదలు. మూడుసార్లు అలాగే. స్టీరింగ్ వదిలి పరిగెత్తే డ్రైవర్ని ఎవరు ఉంచుకుంటారు? "నెలన్నరలో బండెక్కకపోతే గ్యారేజీలో టైర్లు తుడవాల్సిందే" అన్నాడు డిపో మేనేజరు. స్టీరింగ్ లేకపోతే నేనెవర్ని, చెప్పు.

డాక్టరమ్మ నా భాషలోనే చెప్పింది.

"మీ పేగు ఒక బస్సనుకోండి. కోట్ల కొద్దీ మంచి సూక్ష్మజీవులు రోజువారీ ప్రయాణికులు. సీట్లన్నీ వాళ్లవే కాబట్టి రౌడీలకి చోటుండదు. మీరు మాత్రలేసి మంచివాళ్లందర్నీ దింపేశారు. ఖాళీ బండి చూసి రౌడీలెక్కారు."

"మరి మంచోళ్లని మళ్లీ ఎక్కించేదెలాగమ్మా?"

"ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, పరీక్షించి, వడకట్టి, గొట్టంతో మీ పేగులోకి పంపిస్తాం."

"నేను ఊరందరితో పరాచికాలాడతాను. నాతో ఆడినదానివి నువ్వొక్కదానివే తల్లీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

మీ అత్తయ్య ఇస్తానంది గాని, అప్పుడే పంటికి ఈ మాత్రలే వాడిందని పనికిరాదన్నారు. ఇక మా తమ్ముడు. బళ్లో వ్యాయామం మాస్టరు, ఒళ్లు ఉక్కు. "నీకు కిడ్నీ అయినా ఇస్తాను అన్నయ్యా, ఇదొక లెక్కా" అన్నాడు. పరీక్షలకి పొద్దున్న ఎనిమిదికి రమ్మన్నారు. పదయింది, పన్నెండయింది. రాలేదు. ఫోన్ కట్టేశాడు. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని గుమ్మం వైపు చూసీ చూసీ మెడ పట్టేసింది.

మూడు వారాలకి డాక్టరమ్మే కబురు చేసింది. "దాత దొరికారు. పరీక్షలన్నీ బావున్నాయి. పేరు చెప్పొద్దన్నారు."

ఇంకెవరు? తమ్ముడే. సిగ్గుపడి చాటుగా ఇచ్చుంటాడు అనుకున్నాను. చికిత్సయ్యాక వారం తిరక్కుండా పేగు దారికొచ్చింది. గడువుకి నాలుగు రోజుల ముందు స్టీరింగ్ పట్టుకున్నాను.

మా నాన్న చేతి గడియారం ఉండేది చూశావూ, నువ్వు చిన్నప్పుడు ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టాను, అది తీసుకెళ్లి మా తమ్ముడికిచ్చాను. "రక్తసంబంధం అన్నయ్యా, ఆ మాత్రం చెయ్యనా" అంటూ అక్కడే చేతికి కట్టుకున్నాడు. ఆర్నెల్లు బస్సులో వాణ్ణే పొగిడాను. మీ నాన్న వెనక టికెట్లు కొట్టుకుంటూ ఉన్నాడు.

పోయిన నెల పరీక్షకెళితే నర్సమ్మ నవ్వాపుకోలేక అడిగింది. "మీకిచ్చినాయన బావున్నాడా? బాత్రూంలోంచి రెండు విజిళ్లు వినిపించాయి. ఏమైందోనని మేం పరిగెత్తాం. పనైపోయిందంట, అందుకని."

ఆ విజిళ్లు ఎవరివో నాకు వేరే చెప్పాలా?

తిన్నగా తమ్ముడి దగ్గరికెళ్లాను. గడియారం చేతికే ఉంది. "నేనిచ్చానని నీకు చెప్పానా? నువ్వే అనుకున్నావు, నువ్వే తెచ్చిచ్చావు. ఆ పని చేశానని తెలిస్తే పిల్లలు నన్నేమని పిలుస్తారు?" అన్నాడు. గడియారం తియ్యలేదు. నేనూ అడగలేదు. అడిగి తెచ్చుకుంటే ఇంకేం మిగులుతుంది?

ఇంటికొచ్చి మీ అత్తయ్యని నిలదీశాను. "తెలుసు. మీ నోటికి జడిసి మావాడే చెప్పొద్దన్నాడు" అంది, కూర తరుగుతూ.

మర్నాడు బస్సులో మీ నాన్నని పట్టుకున్నాను.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే పేడబుర్రవాడి సరుకు నాకొద్దనేవాడివి బావా. గ్యారేజీలో టైర్లు తుడుచుకునేవాడివి."

"గడియారం వాడికిస్తుంటే అయినా ఆపొచ్చుగా."

"నీ తమ్ముడు మంచోడనుకుని నువ్వెంత సంతోషంగా ఉన్నావో చూశాను. ఆపబుద్ధి కాలేదు."

ఇదే తట్టుకోలేకపోయానమ్మా. ఒకడు ఇవ్వకుండా మోసం చేశాడు, ఇంకొకడు ఇచ్చి మోసం చేశాడు, కట్టుకున్నది పక్కనే ఉండి మోసం చేసింది. ఊరందర్నీ బోల్తా కొట్టించేవాణ్ణి, నా కడుపులో ఎవరున్నారో నాకు తెలియలేదు. ఇంతవరకూ ఈ ముక్క ఎవరితోనూ అనలేదు. నీతోనే మొదటిసారి. ఏంటే, ఆ మొహం అలా పెట్టావు? నవ్వొద్దన్నానా?

"నవ్వట్లేదు మావయ్యా. ఆ రోజు నాన్నని ఆస్పత్రికి బండి మీద తీసుకెళ్లింది నేనే. ఆ రెండు విజిళ్లూ బయట బెంచీ మీద కూర్చున్న నాకూ వినిపించాయి."