ఏడో నంబరు పడవ

రేవులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె దుర్భిణమ్మ. రేవు ముఖద్వారం పక్కన కాంక్రీటు గదిలో, నడుమెత్తు గోడ వెనక, మెడలో దుర్భిణి వేలాడేసుకుని సముద్రంకేసి చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. వినేవాళ్ళకు ఎంత సుఖమో అనిపిస్తుంది. తిన్నది ఒంటబట్టని ఉద్యోగమని చేసే ఆమెకే తెలుసు.

ఆమె చూడవలసినవి తలుపు పడవలు. సైనికులను ఒడ్డు దాకా తీసుకెళ్ళి, ముందు గోడను తలుపులా కిందికి పడేసి దింపే పడవలకు రేవువాళ్ళు పెట్టుకున్న పేరది. ప్రతి పడవకూ రెండు పక్కలా నంబరు ఉంటుంది. ముందు తల్లి ఓడ నంబరు, తరవాత ఒక అడ్డగీత, ఆ తరవాత పడవ నంబరు. యాభైరెండు గీత మూడు అంటే యాభైరెండో ఓడకు మూడో పిల్ల అన్నమాట. నంబరు ఎవడైనా రాసుకోగలడు కాబట్టి, ముందు తలుపు మీద ఒక రంగు పట్టీ కూడా వేస్తారు. ఏ పడవకు ఏ రంగో వారం వారం మారుతుంది. ఆ జాబితా వెళ్ళేది రెండు చోట్లకే: రంగులు వేసే పెయింటరుకూ, కాపలా గదికీ. పడవ నడిపేవాడికి కూడా చెప్పరు. పట్టుబడితే చితకబాది కక్కిస్తారని భయం.

ఆ పెయింటరు ఆమె తండ్రే. ముప్ఫై ఏళ్ళ చెయ్యి. ఒకప్పుడు దారం పట్టకుండా గీసిన గీత దారం కన్నా తిన్నగా ఉండేది. ఇప్పుడు ఆయన రెండు కళ్ళకూ పొరలు కమ్మేశాయి. ఎదురుగా మనిషి నిలబడితే ఎవరో గొంతు విని పోల్చుకోవాల్సిందే. ఈ సంగతి బయటికి పొక్కితే ఏమవుతుందో పడవలకు రంగులు వేసే యార్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు: నంబరు గానీ రంగు గానీ తప్పు వేసినవాడు ద్రోహి కింద జమకట్టబడును. ఆ మాట చదివిన రోజు నించి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

అందుకే జాబితా వచ్చిన రోజు ఆమె యార్డుకు వెళ్ళి తండ్రి చెవిలో చదివి వచ్చేది. ఆయన ఒకసారి వింటే చాలు, వారమంతా గుర్తు పెట్టుకునేవాడు. ఏ రంగు డబ్బా ఎక్కడుంటుందో ఆయన చేతికి తెలుసు. నంబర్లు మాత్రం తడుముకుని వేసేవాడు. పడవ ఎడమ పక్క రేకుల అతుకు ఒకటి పొడుగునా ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని మీద వేలు పెట్టుకుని రాస్తే అంకెలు సైనికుల్లా వరసగా నిలబడేవి. కుడి పక్క అతుకు లేదు, రేకు నున్నన. అక్కడ చివరి అంకె ఎప్పుడూ బెత్తెడు కిందికి జారిపోయేది. రంగు ఆరకముందే ఆమె వెళ్ళి గుడ్డతో తుడిచి, కొలబద్ద పెట్టి మళ్ళీ రాసేది. తండ్రికి కూడా తెలియనిచ్చేది కాదు. పెద్దాయన మనసు చివుక్కుమంటుందని.

పోయిన వారం యాభైరెండు గీత ఏడు అవతలి ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది. మనుషులు ఈదుకుని బయటపడ్డారు, పడవ శత్రువులకు చిక్కింది. దాని స్థానంలో నిన్న సాయంత్రం కొత్త పడవ వచ్చింది. పోయిన నంబరు కొత్తదానికి పెట్టడం ఇక్కడి పద్ధతి. తల్లికి పిల్లల లెక్క తగ్గకూడదట! ఆ కొత్త ఏడుకు చుక్కాని పట్టమని ఆమె తమ్ముణ్ణి వేశారు. తెల్లవారుతూనే ఆరు పడవలు బయలుదేరాయి. అప్పటికే ఆమె కాపలా గదిలో ఉంది. కొత్త ఏడుకు నంబరు ఎలా వేశారో చూడ్డానికి కూడా యార్డుకు పోలేకపోయింది.

మధ్యాహ్నం మంచు పొగ నీళ్ళ మీద పరుచుకుని ఉండగా పడవలు తిరిగి రావడం మొదలైంది. ఫిరంగి దగ్గర బొగ్గుమీసం నిలబడి ఉన్నాడు. అరవై దాటినా మీసానికి రంగు వేయడం మానని ఫిరంగి పెద్ద ఆయన. ఆమెకు బాబాయి వరస కాదు గానీ బాబాయ్ అనే పిలుస్తుంది. ఆమె నంబరూ పట్టీ చదవడం, ఆయన గోడకు అంటించిన జాబితాలో వేలు పెట్టి చూసుకోవడం. అయిదు పడవలు అలా లోపలికి వెళ్ళిపోయాయి.

"ఆరోది వస్తోందమ్మాయ్, చదువు."

"యాభైరెండు గీత ఏడు." తమ్ముడే. ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "ఎడమ పక్క నంబరు శుభ్రంగా ఉంది బాబాయ్."

"పట్టీ?"

పొగ కాస్త తొలగింది. ముందు తలుపు మీద పట్టీ కనిపించింది. పసుపు. ఆమె దుర్భిణి దించి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పసుపే.

"నోట్లో ఏం పెట్టుకున్నావ్? పట్టీ ఏం రంగంటే!"

"పసుపు."

బొగ్గుమీసం జాబితా దగ్గరికి వెళ్ళాడు. కొత్త ఏడు కోసం తెల్లవారుజామున విడిగా వచ్చిన చీటీ కింద అంటించి ఉంది. "ఏడు, తెలుపు" అని చదివాడు. తరవాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పసుపు పోయిన వారం ఏడు రంగు. అవతలి ఒడ్డున చిక్కిన పాత పడవ మీద ఉన్నది ఆ రంగే.

ఈ నెలలోనే పక్క రేవులో ఏం జరిగిందో తెలియనివాళ్ళు లేరు. మన పడవలోనే, మన బట్టల్లోనే, టార్పాలిన్ కింద నక్కి వచ్చి గంటలో రేవంతా తగలబెట్టి పోయారు. బొగ్గుమీసం లైటుతో సైగ చేశాడు. జవాబు లేదు. మళ్ళీ చేశాడు. పడవ తన దారిన తాను వస్తూనే ఉంది. ఆయన ఫిరంగి దగ్గరున్న ఇద్దరికీ చెయ్యి ఊపాడు. గుండు లోపలికి పోయిన చప్పుడు ఆమెకు వినిపించింది.

తెల్లవారుజామున వచ్చిన చీటీ తండ్రికి చదివి పెట్టేవాళ్ళు లేరు. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుంది. ఏడు అనగానే ఆయనకు గుర్తున్న రంగు వేసేసి ఉంటాడు. అంతే అయి ఉంటుంది. అంతే కాకపోతే?

"బాబాయ్, ఆగు. మా నాన్నకి కళ్ళు కనపడవు."

"ఏంటీ?"

"రెండేళ్ళయింది. చీటీలు నేనే చదివి పెడతా. ఇవాళ నేను వెళ్ళలేదు. ఆయన పాత రంగే వేసుంటాడు. అందులో నా తమ్ముడున్నాడు బాబాయ్!"

"రెండేళ్ళ నించి గుడ్డి మనిషి వేసిన నంబర్లు చూసి నేను పడవల్ని లోపలికి పంపుతున్నానా?" బొగ్గుమీసం తల పట్టుకున్నాడు. "తల్లీ, నీకో దణ్ణం. తమ్ముడున్నాడని అంటున్నావ్. వాడు కాకపోతే? ఊరంతా బుగ్గయిపోద్ది కదే!"

"నిజమో కాదో ఇప్పుడే తేలిపోద్ది. నీళ్ళ మీద తేలే ఆ ఎర్ర బోయా దగ్గర తిరిగినప్పుడు కుడి పక్క కనిపిస్తుంది. అటుపక్క నాన్న రాస్తే ఏడు కిందికి జారుతుంది. ప్రతిసారీ నేనే సరి చేస్తా. ఇవాళ చెయ్యలేదు. జారి ఉందంటే మనదే, కొత్తదే. పాతదాన్ని నేనే దిద్దాను, అది తిన్నగా ఉంటుంది."

"బోయా దాటాక కాలిస్తే గుండ్లు మన గిడ్డంగుల మీదే పడతాయ్."

"తిరిగేటప్పుడు చూస్తే చాలు. ఒక్క నిమిషం బాబాయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన తిట్టుకున్నాడు. ఆమెను, ఆమె తండ్రిని, మంచును, తన ఉద్యోగాన్ని వరసపెట్టి తిట్టుకున్నాడు. కానీ కాల్చమని సైగ మాత్రం చెయ్యలేదు. ఆమె గోడకు మోచేతులు ఆనించి ఊపిరి బిగబట్టింది. ఏడు జారి ఉండాలి, వంకరగా ఉండాలి అని మనసులో మొక్కుకుంది. రెండేళ్ళుగా ఏ వంకర చూస్తే గుండె ఆగిపోయేదో, ఇప్పుడు ఆ వంకర కోసమే ప్రాణాలన్నీ కళ్ళలోకి తెచ్చుకుంది.

పడవ బోయా దగ్గరికి వచ్చి ముక్కు తిప్పింది. కుడి పక్క మెల్లిగా పొగలోంచి బయటికి వచ్చింది. అయిదు. రెండు. గీత. ఏడు.

ఏడు తిన్నగా ఉంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. తను కొలబద్ద పెట్టి రాస్తే ఎలా ఉంటుందో, అచ్చం అలా.

ఆ టార్పాలిన్ కింద ఉన్నవాళ్ళు ఎవరో ఇక అనుమానం లేదు. మరి తమ్ముడు? తమ్ముడి పడవ ఏమైనట్టు? ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టింది. లోపల ఊరుంది, బడి ఉంది, యార్డులో ఏమీ కనపడని తండ్రి ఉన్నాడు.

"అమ్మాయ్, చెప్పు! జారిందా లేదా?"

"లేదు. పాతదే. కాల్చు బాబాయ్."

గది అదిరింది. పడవ ముందు నీళ్ళు మేడంత ఎత్తున లేచాయి. పడవ ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలబడింది. ఫిరంగి మనుషులు రెండో గుండు ఎత్తుతుండగా నీళ్ళ మీంచి మైకు గొంతు ఒకటి పగిలిపోతూ వినిపించింది. "ఒరే బొగ్గుమీసం! ముసలి సచ్చినోడా! మీసానికేసే రంగు కళ్ళకేసుకున్నావా? మేమేరా!"

అలా తిట్టడం శత్రువుల వల్ల అయ్యే పని కాదు. బొగ్గుమీసం రెండు చేతులూ అడ్డంగా ఊపి గుండు దింపించి, ఉన్నచోటే కూలబడ్డాడు.

అరగంటకు తమ్ముడు మెట్లెక్కి కాపలా గదికి వచ్చాడు. ఒళ్ళంతా తడి. నుదురు చీరుకుపోయి రక్తం కనుబొమ మీదికి కారుతోంది. వస్తూనే విరుచుకుపడ్డాడు.

"లైటు తడిసి చచ్చింది, అందుకని మనుషుల్ని చంపేస్తారా? ఇద్దరికి ఎముకలు విరిగాయి, తెలుసా? ఏ కళ్ళులేనోడు కాల్చమన్నాడు?"

బొగ్గుమీసం సముద్రంకేసి చూస్తూ ఉండిపోయాడు. అక్క మొహం చూసి తమ్ముడి కోపం సగం దిగిపోయింది. తన గురించే బెంగపెట్టుకుందనుకున్నాడు. పక్కకు వచ్చి గొంతు తగ్గించి, బొగ్గుమీసానికి వినపడకుండా చెప్పాడు.

"నాకేం కాలేదులే అక్కా. నాన్న సంగతి కూడా భయపడకు. నువ్వు ప్రతిసారీ దిద్దుతావని నాకెప్పుడో తెలుసు. ఇవాళ నువ్వు రాలేదు కదా, కుడి పక్క ఏడు నేనే తుడిచి రాశా. కొలబద్ద పెట్టి మరీ. అచ్చం నువ్వు రాసినట్టే వచ్చింది, చూశావా?"

"చూశాను" అంది ఆమె.

"ఇంతకీ కాల్చమన్నదెవరు?"

"నేనే."

వాడు హాస్యమనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాడి నవ్వు కాసేపు అలా మొహం మీదే ఉండి, తరవాత పోయింది.