ఫైరింజన్‌కు అటూ ఇటూ

మౌలా అలీ పేరు అందరికన్నా ముందు పిలవాలని నిర్ణయించుకున్నది భద్రయ్యే. ఎవరూ అడగలేదు. తోటివాళ్లు ఎటు నిలబడ్డారో చూస్తే మౌలా అలీ మనసు తడబడుతుందేమోనని అతని భయం. ఆ మనిషికి తాను చేయగలిగిన మేలు అదొక్కటే అనుకున్నాడు.

పోలీస్ యాక్షన్ తర్వాత అది రెండో వేసవి. నిజాం కాలంలో ఉద్యోగాల్లో చేరినవాళ్లకు కొత్త ప్రభుత్వం కొత్త పద్ధతులు పెడుతోంది. సికింద్రాబాద్‌లో రైలు గోదాముల వెనక ఉన్న ఆ ఫైర్ స్టేషన్‌లో పింఛన్ మార్పు సంగతి వివరించి, ఒక్కొక్కరి చేతా ఏదో ఒకటి ఎంచుకునేలా చేయడం గుమాస్తా భద్రయ్య పని. పాత పద్ధతిలోనే ఉంటే, ఉద్యోగం ముగిశాక బతికినన్నాళ్లూ నెలనెలా వజీఫా వస్తుంది. మనిషి పోతే అదీ పోతుంది. ఇంట్లోవాళ్లకు ఏమీ ఉండదు. కొత్త పద్ధతిలో వజీఫా ఉండదు. పని మానినప్పుడు కొంత డబ్బు ఒకేసారి ఇచ్చేస్తారు. మధ్యలో మనిషి పోతే ఆ డబ్బు భార్య చేతికి ఇస్తారు. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడానికి లేదు.

వారం రోజులుగా ఇదే చెబుతూ వచ్చాడు భద్రయ్య. ఎక్కడ మొదలుపెట్టినా మాటలు వచ్చి ఒక్కచోటే ఆగేవి: నువ్వు ఎంతకాలం బతుకుతావనుకుంటున్నావు? ఆ ప్రశ్నను ఎవరూ పైకి అనలేదు. కుర్రవాళ్లు మాత్రం నవ్వేవాళ్లు.

"నాకు వజీఫానే కావాలె సారూ," అన్నాడు కొత్తగా పెళ్లయిన రహీం. "ముసలోణ్ణయినంక మంచం మీద కూసోని తింట. మా బేగం తిడుతుంటది, నేను తింట."

"నువ్వు ఇప్పుడు సుత గదే చేస్తున్నవ్ గదరా," అన్నాడు పర్వతాలు.

వాళ్ల జమేదార్ మౌలా అలీ నవ్వలేదు. మంటల్లోకి నీళ్ల గొట్టం మూతి పట్టుకుని ముందు నడిచేది అతను. వెనక రహీం, ఆ వెనక మిగతావాళ్లు. ఒకరోజు వాళ్ల కవాతు చూశాడు భద్రయ్య. షెడ్డు తలుపులు మూసి లోపల తడిగడ్డి తగలబెట్టారు. ముందువాడి భుజం మీద వెనకవాడు చెయ్యి వేసి, గుడ్డివాళ్ల వరుసలా ఆ పొగలోంచి బయటికి వచ్చారు.

"పొగల చెవులు అబద్ధం చెప్తయి," అని మౌలా అలీ వాళ్లకు చెబుతున్నాడు. "ఎవడు పిలిచినా పోవద్దు. నేను పిలిచినా పోవద్దు. ముందలోని భుజం ఎటు పోతె గటే పోవాలె."

ఒకప్పుడు దూది గోదాములో ఎవరో పిలిచినట్టయి భుజం వదిలి పక్కకు తిరిగిన మనిషి మళ్లీ బయటికి రాలేదట. అప్పటినుంచీ ఆ పాఠం.

ఆ మధ్యాహ్నమే మౌలా అలీ భద్రయ్యను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

"హకీం సాబ్ చెప్పిండు సారూ. పొగంత లోపలనే కూసున్నదట. ఈ వానకాలం దాటుడు కష్టమే అన్నడు."

"దవాఖానల చూపించుకోరాదు?"

"చూపిస్తె కాయిదం మీద రాస్తరు. రాస్తె ఏమైతదో నువ్వే చదివి చెప్పినవ్ గద."

నిజమే. రోగంతో పనికి తగడని తేలినవాడికి కొత్త పద్ధతి వర్తించదు. ఆ నిబంధనను మామూలు గొంతుతో చదివి వినిపించింది తనే.

ఆదివారం చిలకలగూడలో భద్రయ్య ఉండే గదికి జైతున్ బీ వచ్చింది. మౌలా అలీ భార్య. సీతాఫల్‌మండి నుంచి నడిచి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయనకు ఎర్కే, నాకు ఎర్కే అన్నా. ఇంట్ల మాత్రం ఇద్దరం ఆ ముచ్చట తియ్యం. ఆయన దగ్గిన రుమాలు ఆయనే పిండుకుంటున్నడు, నేను చూడనట్టు ఉంటున్న. పైసలు ఒక్కపారే వస్తె మిషన్ కొనుక్కొని బట్టలు కుడ్త. పిల్లలు చిన్నోళ్లు. రాకపోతె..."

రోగం సంగతి బయటపెట్టనని భద్రయ్య మాట ఇచ్చాడు.

భద్రయ్య పెళ్లి చేసుకోలేదు. హోటల్లో తిని, గదికి వచ్చి, గోడ అవతలి కాపురం మాటలు వింటూ నిద్రపోతాడు. అతని మీద ఎవరూ ఎన్నడూ ఆధారపడలేదు. ఇప్పుడు ఒక ఇల్లు తన చేతిలో ఉంది. అతనికి భయం వేసింది. ఆ భయం అడుగున కాస్త సంతోషం కూడా కదలడం గమనించి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎంచుకునే రోజు వచ్చింది. కొత్త అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. ఇంకా వేరే స్టేషన్లకు పోవాలి. రేకుల షెడ్డు కింద చెమటలు కక్కుతూ, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగే ఓపిక లేక, మధ్యలో ఉన్న ఫైరింజన్‌ను చూపించాడు.

"పాత పద్ధతి కావాలన్నవాళ్లు ఇంజనుకు ఇటు, కొత్తది కావాలన్నవాళ్లు అటు. పేరు పిలవగానే వెళ్లి నిలబడండి. పిలువయ్యా."

"మౌలా అలీ," అన్నాడు భద్రయ్య.

అతను నడిచాడు. దగ్గు ఆపుకుంటున్నాడని మెడ నరాలు చెబుతున్నాయి. ఇంజనుకు అటు వెళ్లి నిలబడ్డాడు. భద్రయ్య ఊపిరి వదిలాడు. అయిపోయింది. మిషన్, బట్టలు, పిల్లలు.

"రహీం."

రహీం ఇంజను వైపు చూడనైనా చూడలేదు. నేరుగా అటు నడిచి మౌలా అలీ వెనక నిలబడ్డాడు. పర్వతాలు వెళ్లి రహీం వెనక నిలబడ్డాడు. తర్వాత ఫకీర్. తర్వాత రాములు. భద్రయ్య మిగిలిన పేర్లు పిలవలేక ఆగాడు. పిలవకపోయినా వాళ్లు తామే నడిచి వరుసలో చేరిపోయారు.

"రహీం, వజీఫా కావాలంటివి గద?" అన్నాడు భద్రయ్య.

"అంటిని సారూ. ఇయ్యాల జమేదార్ సాబ్ ఇటు వచ్చిండు."

"ఆయన సంగతి వేరు."

"ఏం వేరు?" అన్నాడు పర్వతాలు. "ఆయనకేమన్న లోపల్లోపల ఎక్కువ ఇస్తున్నరా?"

నవ్వారు. ఫకీర్ గొంతు తగ్గించి, "వజీఫాలు ఎగ్గొట్టాలని చూస్తున్నట్టున్నది కొత్త సర్కార్. మన జమేదార్ చిచ్చాకు ముందే ఎర్కైంది," అన్నాడు. అది అందరికీ వినబడింది.

"ఏమయ్యా గుమాస్తా," అన్నాడు అధికారి. "వాళ్లకు నచ్చింది వాళ్లు ఎంచుకుంటారు. మధ్యలో నీకెందుకు?"

మౌలా అలీ వెనక్కి తిరిగాడు. తన వెనక ఉన్న వరుసను అప్పుడే మొదటిసారి చూశాడు.

"అరే, నా ఎంట ఎందుకొచ్చిండ్రు? పోరగాండ్లు మీరు. మీకు వజీఫానే మంచిది. అటు పోండ్రి."

ఎవరూ కదల్లేదు.

"మరి నువ్వెందుకు ఇటున్నవ్ చిచ్చా?" అన్నాడు రహీం. అనుమానంతో కాదు, మామూలుగానే అడిగాడు.

మౌలా అలీ దగ్గర ఉన్న ఒక్క జవాబూ అధికారి వినకూడనిది. అతను భద్రయ్య వైపు చూశాడు.

భద్రయ్య నోట్లో ఆ మాట ఉంది. ఈయనకు రోగం, మీకు లేదు. అది చాలు, వీళ్లంతా పాత పద్ధతి వైపు పోతారు. ఆ మాట అంటే జైతున్ బీకి ఏమీ ఉండదు. అనకపోతే వీళ్లందరి ముసలితనానికి ఆధారం పోతుంది. ఎవరైనా వచ్చి ఆ మాట తన నోట్లోంచి లాగేసినా బాగుండేది, లోపలికి తోసేసినా బాగుండేది. మింగేద్దామని తన మనసు ఎప్పుడో నిర్ణయించుకుందని అతనికి తెలిసింది. కారణం కూడా కనబడింది. జైతున్ బీ ముఖాన్ని అతను చూశాడు. ముసలి రహీం ముఖం ఇంకా పుట్టలేదు. ఇంత చిన్న కారణంతో మనిషి పదిమందిని వదిలేస్తాడా అనుకున్నాడు. అనుకుంటూనే నోరు మూసుకుని నిలబడ్డాడు.

మౌలా అలీ అతని ముఖంలోంచి చూపు తీసేశాడు. తల వంచుకుని నడవడం మొదలుపెట్టాడు. ఇంజను ముందు నుంచి, దీపాల పక్క నుంచి చుట్టి ఇవతలికి వచ్చాడు. భుజం మీద రహీం చెయ్యి ఉంది. రహీం భుజం మీద పర్వతాలు చెయ్యి. వరుస మొత్తం కదిలి వచ్చింది.

"కవాతు చేయిస్తున్నవా చిచ్చా?" అన్నాడు ఫకీర్.

అందరూ పాత పద్ధతి వైపు నిలబడ్డాక, మౌలా అలీ ఒక్కడే మళ్లీ అటు ఒక అడుగు వేశాడు. వెంటనే రహీం చెయ్యి కూడా భుజంతో పాటు సాగింది, వెనక అందరి పాదాలూ చప్పుడు చేశాయి. అతను ఆగిపోయాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"తేలిందా? అందరూ పాతదే. రాసుకో," అన్నాడు అధికారి.

భద్రయ్య రాసుకున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి వేలిముద్ర వేసి పోయారు. మౌలా అలీ చివర్లో వచ్చాడు. వేలిని సిరాలో అద్ది, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు కాగితం మీద నొక్కి ఉంచాడు.

అధికారి జీపు దగ్గర నిలబడి నీళ్లు తాగుతుండగా, జైతున్ బీ అన్నం గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. భద్రయ్యను చూసింది. తన ముఖంలోనే ఆమెకు జవాబు దొరికిపోయిందని అతనికి అర్థమైంది.

"అందరి దిక్కే నిలవడ్డనే," అన్నాడు మౌలా అలీ.

"అందరంటె ఎవరు?"

"రహీంగాడు, పర్వతాలు, గీళ్లే. నా ఎంట వచ్చిండ్రు. ఇడిసిపెట్టి పోతలేరు."

ఆమె షెడ్డులోకి చూసింది. రహీం తల మీద నీళ్లు గుమ్మరించుకుని, ఆ తడితల పర్వతాలు మీద విదిలిస్తూ నవ్వుతున్నాడు.

"మరి నేను ఎవరి దిక్కు నిలవడాలె?" అంది.

మౌలా అలీ గిన్నె అందుకున్నాడు. "ఇంక నాకు చచ్చుడుకు లేదు జైతున్," అని నవ్వబోయాడు. ఆ నవ్వుతోపాటు పొద్దుటినుంచీ ఆపుకున్న దగ్గు బయటికి వచ్చింది. గిన్నె జారింది. అతను గోడ పట్టుకుని వంగిపోయాడు. జైతున్ బీ తన కొంగు అతని నోటికి అడ్డుపెట్టింది. ఈసారి చూడనట్టు ఉండలేదు.

భద్రయ్య చప్పున వాళ్ల ముందుకు జరిగి, జీపు దగ్గరున్న అధికారికి కనబడకుండా నిలబడ్డాడు. చేతులు కాస్త ఎడంగా పెట్టి, చొక్కా ఎంత వెడల్పుంటే అంత వెడల్పుగా నిలబడ్డాడు. పాత పద్ధతికి వేలిముద్ర పడ్డాక దాచాల్సింది ఇప్పుడేమీ మిగల్లేదని కొంతసేపటికి అతనికి తట్టింది. అయినా పక్కకు జరగలేదు. వెనక దగ్గు ఆగడం లేదు.