జిలియన్ ఎత్తు

బస్సు దిగగానే బెరిల్ హేస్లమ్ చేతిసంచి తెరిచి ఉత్తరం ఉందో లేదో చూసుకుంది. మోర్‌కామ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి అలా చూసుకోవడం ఆరోసారో ఏడోసారో. ఉత్తరం ఎక్కడికీ పోలేదు. క్రాగ్‌డెన్ మార్కెట్ హాలును కూలగొడుతున్న కాంట్రాక్టరు మనుషులు రాసిన ఉత్తరం అది. మీరడిగిన పద్నాలుగో నంబరు అంగడి స్తంభాన్ని కోసి పక్కన పెట్టాం, శనివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా మీరే స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి, ఆ తర్వాత మిగతా చెక్కతో పాటు అదీ తురుము మిషన్లోకి పోతుంది. అంతే రాశారు, మర్యాదగానే రాశారు.

ఆ మార్కెట్లో ఒక ఆచారం ఉండేది. వేసవిలో ఊళ్లోని మిల్లులన్నీ ఒక వారం మూసేసేవారు. జనమంతా సముద్రపుటొడ్డుకు పరుగెత్తే ముందు శనివారం నాడు అంగళ్లవాళ్లు తమ పిల్లల్ని అంగడి స్తంభానికి ఆనించి నిలబెట్టి, నడినెత్తి దగ్గర కత్తితో గీటు పెట్టించేవారు. బెరిల్, ఆమె భర్త రోనాల్డ్‌లది ఊలు, బొత్తాల అంగడి. వాళ్ల స్తంభం మీద ఎనిమిది గీట్లుండేవి. ఎనిమిదీ జిలియన్‌వే. తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి, మూడే మూడు రోజుల్లో పోయింది ఆ పిల్ల.

పిల్ల పోయిన నెలకు రోనాల్డ్ మతి చెడినవాడిలా దాని గౌన్లు, బొమ్మలు, ఫోటోలు పెరట్లో కుప్పపోసి నిప్పంటించాడు. బెరిల్ గుమ్మంలో నిలబడి చూసింది, ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఆమెకే తెలియదు. నలభై అయిదేళ్లుగా ఆ సంగతికి తనను తాను తిట్టుకోని రోజు లేదు. ఆ మరుసటి ఏడే ఊరు వదిలేశారు. రోనాల్డ్ కూడా పోయి పన్నెండేళ్లయింది. జిలియన్ అనే పిల్ల ఈ నేల మీద రెండు కాళ్లతో నిలబడిందని చెప్పడానికి ఆ స్తంభం ఒక్కటే మిగిలింది.

బస్టాండు నుంచి చౌక్ దాకా ఒకప్పుడు అయిదు నిమిషాల నడక. ఇప్పుడు ఆమె తుంటి నొప్పికి అది పావుగంటయింది. వీధి చచ్చి పడుంది, వేరే మాటెందుకు. పెళ్లి కేకులు చేసిన బేకరీ కిటికీకి ప్లైవుడ్డు కొట్టారు. పక్కది జూదం మిషన్ల కొట్టు. ఆ పక్కన పాతబట్టలమ్మే ధర్మ దుకాణం, దాని తర్వాత మళ్లీ ప్లైవుడ్డు. చెప్పుల షాపు గుమ్మంలో ఎవరో మనిషి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. నవంబరు వాన పడీ పడనట్టు పడుతోంది.

ఊరు వదిలి వెళ్లినవాళ్లంతా ఇంటర్నెట్టులో ఒక గుంపు పెట్టుకున్నారు. పొద్దున లేస్తే ఆ బేకరీ ఫోటోలు, ఈ చెప్పుల షాపు ఫోటోలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు. ఏడవనీ. వాళ్లలో సగం మంది ఊళ్లో ఉన్న రోజుల్లోనే బైపాసు పక్కన సూపర్‌మార్కెట్ తెరవగానే కార్లేసుకుని అటు పోయినవాళ్లు. బేకరీ ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు ఒక్కడూ ఒక్క రొట్టె కొన్న పాపాన పోలేదు. బెరిల్ కూడా ఆ గుంపులో ఉంది. ఆమె ఫోటోలు పెట్టదు, పెట్టడానికి ఆమె దగ్గరేమున్నాయి గనుక.

చౌక్‌లోకి రాగానే ఆమె తలెత్తి చూసింది. హాలు పైకప్పు లేదు. చుట్టూ ఇనప కంచె, లోపల మిషన్లు. ముందువైపు గడియారం గోపురాన్ని మాత్రం ఉంచేశారు, పురాతన కట్టడమట. గడియారం నడుస్తోంది. పదిహేనేళ్లు ఆగిపోయి ఉన్న ఆ గడియారానికి ఈ ఇంటర్నెట్టు గుంపే చందాలు వేసుకుని, పోయిన నెలలో మరమ్మతు చేయించింది. బెరిల్ కూడా ఇరవై పౌండ్లు పంపింది. దాన్ని చూడగానే ఆమెకు ఒళ్లు పులకరించింది.

పదకొండున్నర చూపిస్తోంది. అంటే పదకొండూ ఇరవై.

క్రాగ్‌డెన్‌లో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మిల్లు ఆడవాళ్లకు బస్సు తప్పిపోతోందని ఎప్పుడో ఒక మార్కెట్ సూపరింటెండెంటు ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడు. తర్వాత దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేదు. ఊరంతా దాన్ని చూసి పది తీసేసుకునే బతికింది. పెళ్లిళ్లు, సినిమాలు, రైళ్లు అన్నీ ఆ లెక్కమీదే నడిచాయి. ఆ చౌక్‌లో నిలబడి చేతి గడియారం చూసుకున్నవాణ్ణి ఊరివాళ్లు పరాయివాడి కిందే జమకట్టేవారు.

"ఏమే బెరిల్, ఊరికి దారి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

టీ హోటలు గుమ్మంలో నార్మన్ క్రాంప్టన్ నిలబడున్నాడు. వాళ్ల పక్క అంగడిలో చీజు అమ్మినవాడు. ఎనభై రెండేళ్లు వచ్చినా గొంతు మాత్రం అంగట్లో అరిచినప్పటి గొంతే. ఆ గుంపు పెట్టిందీ, చందాలు దండిందీ ఇతనే. హాలును ఆఖరిసారి చూసుకుందామని గుంపులోని ముసలివాళ్లతో కలిసి ఆ పొద్దునే ఊళ్లో దిగాడు. జిలియన్ నెత్తికి సరిగ్గా స్తంభం మీద ఎనిమిది గీట్లూ పెట్టింది కూడా ఇతని చీజు కత్తే.

"ముందు పని చూసుకునొస్తా నార్మన్."

"నీ పని ఎక్కడికీ పారిపోదు. గడియారం చూడు, ఇంకా ఎంత టైముందో. మూడు గంటలు బస్సులో కూచునొచ్చావ్, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. వేడివేడి టీ ఒకటి తాగి వెళ్దువుగాని. నేనూ వస్తా, ఆ మొద్దు నువ్వొక్కదానివే మోస్తావా ఏంటి?"

నిజం చెప్పాలంటే బెరిల్‌కు ఆ పిలుపు ప్రాణం లేచొచ్చినట్టయింది. మూడు వారాలుగా ఆ స్తంభం కోసం నిద్రపోలేదు. తీరా ఇంత దగ్గరికొచ్చాక, ఆ గీట్ల మీద చెయ్యి పెట్టాలంటే భయం. ఎనిమిదో గీటుకు పైన ఏమీ ఉండదు, ఉత్త చెక్క. దాన్ని చూడాలి. ఇంకో పావుగంట ఆగి చూస్తే నష్టమేముందిలే అనుకుంది.

లోపల ఐవీ పిల్లింగ్ కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లు చెప్పుల షాపులో ఊరి పిల్లల పాదాలన్నీ కొలిచిన మనిషి. కిటికీ పక్క బల్ల దగ్గర ముగ్గురూ సర్దుకున్నారు. టీ వచ్చింది, మాంసం కూరి కాల్చిన పై, ఉడికించిన బఠాణీలు వచ్చాయి. ఇంక మొదలైంది.

"బేకరీ పందిరి ఎర్రది," అన్నాడు నార్మన్.

"పచ్చది," అంది ఐవీ. "నీకు కళ్లు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు."

"ముప్ఫై ఏళ్లు రోజూ బస్సు కోసం దాని ఎదురుగా నిలబడ్డానే నేను."

"నిలబడి బేకరీ అమ్మాయిని చూశావ్, పందిరి నీకెక్కడ కనపడింది?"

బెరిల్ నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో. ఆమె లెక్కలో పందిరి నీలంది, కానీ ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకుంది. తర్వాత లండన్ నుంచి వచ్చిన బ్యాంకు మేనేజరు సంగతి వచ్చింది. పాపం ఆ మనిషి గడియారాన్ని నమ్మి రోజూ పది నిమిషాల ముందే బస్టాపుకి వెళ్లి వానలో నానేవాడట. రెండేళ్లు నానాడు, ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

"చెప్తే వాడు మనవాడైపోడూ," అన్నాడు నార్మన్. ముగ్గురూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

కిటికీలోంచి గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. "ఇరవై తక్కువ పన్నెండు," అంది బెరిల్ మూతి తుడుచుకుంటూ. "నేనింక లేస్తా."

"టీ చల్లారనివ్వకు. రోడ్డు దాటితే గేటు, ఒక్క నిమిషం పని," అంది ఐవీ.

బెరిల్ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంది. సంచి అడుగున ఫోనుంది. దాన్ని బయటికి తీయాలని ఆమెకు తోచలేదు. ఆ హోటల్లో ఎవరికీ తోచలేదు.

కాసేపటికి గోపురంలో గంట మోగింది. పదిహేనేళ్లు మూగబోయి ఉన్న గంట. పక్క బల్లల దగ్గరి ముసలివాళ్లు కూడా కిటికీ వైపు తిరిగారు. నార్మన్ వేలితో లెక్కపెట్టాడు, పన్నెండు. "అప్పట్లాగే పది నిమిషాలు ముందే," అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

గంట మోగుతుండగానే ఎదురుగా గేటు తెరుచుకుని పసుపు కోటు వేసుకున్న ఆడమనిషి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి, నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టుకుని చౌక్‌లోకి ఏదో కేకేసింది. కాసేపాగి మళ్లీ కేకేసింది. గంట మోతకీ మూసిన అద్దానికీ మాట వినపడలేదు.

"పావురాల్ని తోలుతోందల్లే ఉంది పాపం," అన్నాడు నార్మన్. "ఈ ఊళ్లో పిలిస్తే పలికేవి అవే మిగిలాయి."

బెరిల్ కూడా నవ్వింది. ఆ మనిషి ఇంకాసేపు గేటు దగ్గరే నిలబడి, గడియారం వంక చూసి, లోపలికెళ్లిపోయింది.

వాళ్లు లేచి, కోట్లు తొడుక్కుని, బయటికి రావడానికి ఇంకో అయిదు నిమిషాలు పట్టింది. చౌక్ సగం దాటేసరికి కంచె వెనకాల మిషను మొదలైంది. ఎండు చెక్కను నమిలినట్టు చప్పుడు, మధ్యమధ్యలో పెద్దగా పటుక్కుమనడం. బెరిల్ నడక పెంచింది. తుంటిలో నొప్పి కత్తిలా దిగుతున్నా ఆగలేదు.

పసుపు కోటు ఆవిడ గేటు తీసి తల బయటపెట్టింది. బెరిల్ చేతిలో ఉత్తరం చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"హేస్లమ్ గారంటే మీరేనా అమ్మా?"

"నేనే తల్లీ. స్తంభం కోసం వచ్చా. పద్నాలుగో నంబరుది."

"పన్నెండింటికి బయటికొచ్చి మీ పేరు పెట్టి పిలిచానమ్మా. రెండుసార్లు పిలిచా. ఇంకో అయిదు నిమిషాలు ఆగమని లోపలివాళ్లని బతిమాలా కూడా. మిషను బాడుగ టైమైపోతోందని వాళ్లు ఊరుకోలా."

"పన్నెండు ఇంకా ఎక్కడయింది?" అన్నాడు నార్మన్. అతని గొంతు అంగట్లో బేరగాళ్లను కసిరినట్టే లేచింది. "అదిగో పైన పన్నెండూ ఎనిమిది. అంటే ఇంకా రెండు నిమిషాలుంది. ఈ ఊరి సంగతి నీకు తెలీదమ్మాయ్."

ఆవిడ కోటు జేబులోంచి ఫోను తీసి చూపించింది. పన్నెండూ ఎనిమిది.

"ఆ గడియారం పోయిన నెల్లో బాగుచేశారు తాతా. ఎవరో చందాలేసుకున్నారంట. చేసినాయన ఎంత నికార్సైన మనిషంటే, సెకన్లతో సహా సరిపెట్టి పోయాడు. మేం డ్యూటీ ఎక్కేదీ దిగేదీ దాన్ని చూసే."

అంత పెద్ద గొంతు నార్మన్ ఒక్కసారిగా పిల్లాడిలా అయిపోయాడు. "మేమే చేయించాం," అన్నాడు. "పది నిమిషాల సంగతి ఆయనకు చెప్పలా. చెప్పాలని ఎవరికీ తట్టలా."

బెరిల్ గేటు కడ్డీలు పట్టుకుని లోపలికి చూసింది. మిషను నోట్లోంచి లారీలోకి చెక్క తురుము ఎగిరి పడుతోంది. పాత రంగు పెచ్చులు అందులో అక్కడక్కడా నీలంగా మెరుస్తున్నాయి. ఊలు అంగడి రంగు నీలమే, ఆ హాల్లో సగం అంగళ్ల రంగూ నీలమే. ఇందాక పటుక్కుమన్నది ఏ మొద్దో ఎవరు చెప్పగలరు. ఏడుపు రాలేదు. నేను చూశాను, అనుకుంది. ఆవిడ నన్ను పిలుస్తుంటే కిటికీలోంచి చూస్తూ నవ్వాను. అప్పుడు పెరట్లో మంట ఆపలేదు, ఇప్పుడు టీ తాగుతూ కూర్చున్నాను.

"నాదే తప్పు బెరిల్," అన్నాడు నార్మన్. "నేను కూచోపెట్టా నిన్ను."

"కూచుంది నేను," అంది ఆమె.

పసుపు కోటు ఆవిడ గేటు వదిలి వెళ్లలేక నిలబడిపోయింది. ఆ స్తంభం ఎందుకు కావాలో బెరిల్ రాసిన ఉత్తరం చదివి ఉంది గనుక, ఏదో ఒకటి అడగాలని కాబోలు, "ఎంత ఎత్తుండేదమ్మా పాప?" అంది మెల్లిగా.

బెరిల్ కుడిచెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు తిప్పి, గాలిలో ఆపింది. "ఇక్కడిదాకా," అంది. జిలియన్ తల తన కోటు రెండో బొత్తాం దగ్గరికి వచ్చేదని ఆమెకు గుర్తు. కానీ అది ఆ కోటు కాదు. ఆమె కూడా అప్పటంత పొడుగు లేదు, వయసుకు కుంగిపోయింది.

"కాదే, ఇంకాస్త పైనుండేది," అన్నాడు నార్మన్. "ఆఖరి గీటుకి నేను మోచెయ్యి ఎత్తాల్సొచ్చింది."

"అంత లేదు నార్మన్," అంది ఐవీ, కళ్లు తుడుచుకుంటూ. "పొట్టి పిల్ల. చివరి బూట్లు నేనే తొడిగా దానికి, నాకు తెలీదూ."

బెరిల్ చెయ్యి కొంచెం పైకి లేపింది. మళ్లీ కిందికి దించింది. లోపల మిషను ఆగింది, లారీ కదిలింది. ఆమె ఇంకా అక్కడే, ఆ చేతిని ఎక్కడ నిలపాలో తెలియక నిలబడి ఉంది.