తొంభై రోజుల మేత

గ్రైండర్ కడుగుతుంటే మా అత్తగారు జ్ఞానప్రసూనాంబ గారు వీధి అరుగు మీద నుంచే కేకేశారు. "అమ్మాయ్, ఆ పాముల చదువు ఇవాళ కూడా ఉందా?"

పైథాన్ అంటే కొండచిలువ అని నా కూతురు హర్షిణి ఆవిడకి చెప్పి పెట్టింది. అప్పట్నుంచి నేను మధ్యాహ్నం రెండింటికి నేర్చుకుంటున్న కంప్యూటర్ భాష ఆవిడ లెక్కలో పాముల చదువే. "ఉందండీ" అన్నాను. "అయితే ఒంటిగంటన్నరకల్లా నాకు మజ్జిగన్నం కలిపి పెట్టెయ్. నువ్వు ఆ పెట్టె ముందు కూర్చున్నావంటే పిలిచినా పలకవు" అన్నారు. పిలిచినా పలక్కపోవడమనేది ఈ ఇంట్లో అడుగుపెట్టాక నేను ఎరగను. గ్రైండర్ రాయి కింద ఇరుక్కున్న పిండిని వేలితో తీస్తూ, పలక్కపోతే ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని మాత్రం అనిపించింది.

నాకు నలభై ఒకటి. ఇంటర్ తప్పి, గుండుగొలను కోడలినై, కంప్యూటర్ అంటే హర్షిణి పుట్టినరోజు కేకు ముక్క కూడా దాని దగ్గరికి పోనివ్వకూడదని మాత్రమే తెలిసిన మనిషిని. హర్షిణి హాస్టలుకి వెళ్తూ కొత్తది కొనిపించుకుని పాత లాప్‌టాప్ వదిలేసింది. దాని మూత నిలబడదు, బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాలి. ఏలూరులో కాలేజీ పిల్లలకి కంప్యూటర్ చెప్పే ఫర్జానా గారు, ఎప్పుడూ మౌస్ పట్టుకోని ఆడవాళ్ళకోసం ఫోన్లో ఉచితంగా క్లాసు పెడుతున్నారని మా పక్కింటి మానస చెబితే, చేరతాను అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలీదు. బహుశా 'ఎప్పుడూ పట్టుకోనివాళ్ళకి' అన్న మాట వల్లనేమో. ఏమీ రాకపోవడమే అర్హతగా నన్ను పిలిచింది ఆవిడొక్కరే.

మొదటిరోజు మీ పేరు తెర మీద వచ్చేలా చెయ్యండి అన్నారు. ఒక్క వరస. దానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. బ్రాకెట్ పెడితే కొటేషన్ మర్చిపోవడం, కొటేషన్ పెడితే బ్రాకెట్ మూయకపోవడం. తప్పు చేసినప్పుడల్లా ఎర్రటి అక్షరాలు. మొదట్లో ఆ ఎరుపు చూస్తే ఎవరో అరిచినట్టే ఉండేది. తర్వాత ఫర్జానా గారు, "భయపడకండి, కింద వరస చదవండి, తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది" అన్నారు. చదివాను. మూడో వరసలో, ఫలానా చోట, అని రాసుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో నా తప్పు ఎన్నో వరసలో ఉందో ఒక్కరూ చెప్పలేదు. 'నీకేం తెలీదు' అని మొత్తం కలిపి అనడమే తప్ప. ఈ యంత్రం విసుక్కోదు, మా పుట్టింటి వాళ్ళని తలవదు, దిద్దగానే నిన్నటి తప్పు గుర్తుపెట్టుకోకుండా ముందుకి పోతుంది. కాసేపటికి పద్మప్రియ అని తెర మీద పడింది. ఆ పేరుతో ఈ ఇంట్లో ఎవరూ పిలవరు. పద్మా అనో, అమ్మాయ్ అనో, ఇదిగో అనో.

మూడో నెలలో, ఒకే పనిని ఎన్నిసార్లు చెయ్యాలో చెప్పి వదిలేస్తే అన్నిసార్లూ తనే చేసుకుపోయే పాఠం వచ్చింది. లూప్ అంటారట. క్లాసులో సిల్వియా అని భీమడోలు నుంచి చేరిన అమ్మాయి, "అంటే మనమేనా మేడం" అంది. అందరం నవ్వాం. అందరం ఒకలాగే నవ్వాం, గట్టిగా కాదు.

ఇంటి దగ్గర మీ పనికొచ్చేది ఒకటి చేసి తెండి అన్నారు ఫర్జానా గారు. మిగతావాళ్ళు ఏం చేశారో గానీ నాకు చేపల చెరువులు తప్ప ఇంకేం తెలుసు? కొల్లేటి వైపు మాకు మూడు చెరువులున్నాయి. మేత సంగతి మా మామగారు చూసుకునేవారు. ఆయన పోయాక మా ఆయన జోగారావు గారు, "నువ్వు ఇంట్లో ఖాళీయే కదా, పేతురు ఫోన్ చేస్తాడు, ఏ చెరువులో ఎన్ని బస్తాల తవుడు వేశాడో రాసి పెట్టు" అన్నారు. ఖాళీగా ఉన్న నేను ఆరేళ్ళుగా రాస్తున్నాను. చెరువుల మీద పేతురు, ఇంకో నలుగురు పనిచేస్తారు. తవుడు సంచుల్లో నింపి, కన్నాలు పెట్టి, వెదుళ్ళకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తారు. చేపలొచ్చి పొడుచుకు తింటాయి. ఎంత తింటే ఎంత పెరుగుతాయో నా పుస్తకాల్లో ఆరేళ్ళది ఉంది. దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఇవాళ ఆరువందల గ్రాములున్న శీలావతి చేప రోజుకి ఇంత మేత తిని ఐదు గ్రాములు పెరిగితే, తొంభై రోజులకి ఎంతవుతుంది? లూప్ తొంభైసార్లు తిరిగింది. వెయ్యిన్నీ యాభై అని చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. తుడుచుకున్నాను. అయినా ఆ రోజంతా బాగుంది నాకు.

మా ఆయనకి చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు. "ఇది నిజమేనా?" అన్నారు. మిగతా రెండు చెరువులకి కూడా చేయించుకున్నారు. వారం తిరక్కుండా రైతులు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చుంటే, నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వస్తూ మా ఆయన అనడం విన్నాను. "మా అన్నయ్య కొడుకు విశ్వతేజ రాశాడండీ. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు. బుర్ర పాదరసం." పళ్ళెం ఒలకలేదు. అందరికీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. లోపలికొచ్చాక ఆయన్ని అడిగితే, "ఆడది చేసిందంటే నమ్ముతారా పద్మా? లెక్క విలువ పోదూ? మన ఇంట్లో వాడేగా" అన్నారు. పెద్ద విషయమేమీ కాదు అన్నట్టు భుజం తట్టారు. విశ్వతేజ పాపం ఒకసారి, "పిన్నీ, బాబాయ్ ఊరికే అంటున్నారు, నేను కాదంటే వినట్లేదు" అని నసిగాడు. తర్వాత అలవాటు పడ్డాడు. మెచ్చుకోలు ఎవరికైనా తొందరగానే అలవాటవుతుంది.

క్లాసులో ఫర్జానా గారు అడిగారు, మీరు చేసింది పంపండి, తర్వాతి బ్యాచికి నాతో పాటు మీరూ చెప్పొచ్చు, కింద మీ పేరు రాసి పంపండి అని. రెండు వారాలు గడిచినా పంపలేదు. ఊరంతా ఒకడి పేరు చెబుతుంటే, నా పేరు రాయడానికి నాకే దొంగతనంలా అనిపించింది. చూడండి, ఎంత దూరం వెళ్ళిందో.

తొంభై రోజులు నిండి, చెరువులో చేపలు తీసే పట్టుబడి రోజు శనివారం పడింది. ఏలూరు చేపల వ్యాపారి ఇమాం సాహెబ్ గారికి, కిలో పైబడిన శీలావతి ఇస్తామని మా ఆయన నెల ముందే మాటిచ్చారు. మామూలుగా పదిహేను రోజులకోసారి వల వేసి నాలుగు చేపలు తూచి చూస్తారు. ఈసారి, కంప్యూటర్ చెబుతోంది కదా అని మానేశారు. నేను ఒకసారి వెయ్యమన్నాను. "నీకేం తెలుసు" అన్నారు, నేను చేసిన లెక్క గురించి నాతోనే.

తెల్లవారి ఆరింటికి ఐసు లారీ వచ్చింది, వలల వాళ్ళు వచ్చారు. ముందుగా చిన్న వల లాగి తూచారు. సగటున తొమ్మిది వందల ఎనభై. ఇంకోసారి లాగారు. అంతే. "కిలో పైన అన్నారు కదండీ జోగారావు గారూ, నేను అవతల మాటిచ్చుకున్నాను" అన్నారు ఇమాం సాహెబ్ గారు, కోపం లేకుండానే. లారీ వెనక్కి పోయింది. తొమ్మిదయ్యేసరికి అందరూ మా అరుగు మీదున్నారు. సెలవులకి వచ్చిన విశ్వతేజని పిలిచారు. వాడు నా లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుని పైకీ కిందకీ జరిపి, మొహం ఎర్రబడి, "ప్రోగ్రాం కరెక్టే బాబాయ్. మేత సరిగ్గా పడి ఉండదు" అన్నాడు.

మా ఆయన పేతురు వైపు తిరిగారు. పేతురు మెట్ల కింద నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దాకా బురద. మా మామగారి కాలం నుంచీ ఉన్నవాడు.

"ఏరా, తవుడు ఎక్కడికి పోయింది? ఎవరికి అమ్ముకున్నావ్?"

"అంత మాటనకండి బాబుగారూ. సంచి తగ్గకుండా ఏశామండీ. ఆదివారం తప్పితే ఒక్క రోజు నాగా లేదండీ" అన్నాడు పేతురు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ దొంగన్లేదండీ."

"కంప్యూటర్ అబద్ధం చెబుతుందా? ఈ పూటతో లెక్క తేల్చుకుని వెళ్ళిపో" అన్నారు మా ఆయన.

నేను గుమ్మంలో ఉన్నాను, చేతిలో ఉప్మా గిన్నె. ఆదివారం తప్పితే. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పేతురూ మిగతావాళ్ళూ ఆదివారం చర్చికి వెళ్తారు, ఆ రోజు చెరువులో మేత పడదు. ఈ చుట్టుపక్కల పసిపిల్లలకి కూడా తెలుసు. నా పుస్తకంలో కూడా ప్రతి ఆదివారానికీ ఎదురుగా ఖాళీ ఉంది, నా చేత్తో వదిలిన ఖాళీయే. లూప్‌లో మాత్రం తొంభై రోజులూ మేత వేయించాను. తొంభైలో పదమూడు ఆదివారాలు. ఎలా మర్చిపోయాను? ఆదివారం అంటే నాకు కోడి కూర, రెండు రకాల పప్పు పచ్చళ్ళు, చుట్టాలొస్తే బూరెలు, తలంటుకునేవాళ్ళకి నీళ్ళు కాచడం, వారం బట్టలు. పని ఆగే రోజు అని దాని గురించి నేనెప్పుడూ అనుకోలేదు. మా ఆయనకి ఆదివారం ఉంది, ఏలూరు వెళ్తారు. హర్షిణికి ఉంది, పదింటి దాకా లేవదు. అత్తగారు కూడా ఆదివారం గుడికి వెళ్ళరు, టీవీ పెట్టుకుంటారు. ఈ ఇంట్లో వారానికి ఏడు రోజులూ పనే అనుకుని లెక్క రాయగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

నోరు మూసుకుంటే చాలు. మెచ్చుకోలు విశ్వతేజకి పోయింది, నింద పేతురుకి పోతుంది, మధ్యలో నేను లేనే లేను. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా దిద్దేస్తే రేపట్నుంచి అది మళ్ళీ విశ్వతేజ బుర్రే. చాలా తేలికైన దారి. ఇన్నాళ్ళూ నడిచిందే. కాళ్ళు పీకుతున్నాయి నాకు, నాలుగింటి నుంచి నిలబడే ఉన్నాను.

ఉప్మా గిన్నె గుమ్మం పక్కన కింద పెట్టి ముందుకొచ్చాను.

"పేతురు తప్పేం లేదండీ. తప్పు నాది. ఆ లెక్క రాసింది నేను."

మా ఆయన నవ్వబోయారు. "నువ్వు లోపలికెళ్ళు పద్మా."

"విశ్వా, ఇలా ఇవ్వు" అన్నాను. వాడు లేచి కుర్చీ కూడా ఇచ్చాడు. అరుగు మీద మగవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదలు. వేళ్ళకి నూనె ఉంటే చీర చెంగుకి తుడుచుకున్నాను. ఆదివారమైతే మేత లేదు, ఆ రోజు పెరుగుదల లేదు అని రెండు వరసలు రాశాను. మొదటిసారి ఎర్ర అక్షరాలు వచ్చాయి, చివర రెండు చుక్కలు మర్చిపోయాను. ఎవరో దగ్గారు. పెట్టాను. తొమ్మిది వందల ఎనభై ఐదు అని పడింది.

ఇమాం సాహెబ్ గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "తక్కెడకీ దీనికీ ఐదు గ్రాములే తేడా అమ్మా" అన్నారు. తర్వాత మెల్లిగా, "ఆదివారం ఎలా మరిచారమ్మా?" అన్నారు.

"నాకు లేదు కదండీ, గుర్తు రాలేదు" అన్నాను.

పేతురు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇమాం సాహెబ్ గారు, ఇంకో వారం ఆగి వస్తాను, ఈసారి అమ్మగారు చెప్పిన లెక్కకే వస్తాను అని లేచారు. మా ఆయన ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చారు. పేతురుతో "సరేలే, వెళ్ళి చెరువు చూసుకో" అన్నారు. అంతకంటే ఆయనకి రాదు. నాతో మాత్రం, ఇంట్లో మామూలుగా పని పురమాయించే గొంతుతోనే అన్నారు. "మిగతా రెండు చెరువులది కూడా తప్పే అయి ఉంటుంది. రేపు పొద్దున్నే టిఫిన్లు అయ్యాక కూర్చుని అవీ తేల్చెయ్."

లాప్‌టాప్ మూశాను.

"రేపు ఆదివారమండీ" అన్నాను.